బైక్ మీద ఈజీపాస్ టోల్ ట్యాగ్ ఎక్కడ పెట్టుకుంటున్నారు? నాది టర్న్‌పైక్ టోల్ రోడ్డు మీద పడిపోయింది

ఎడిసన్_ఇంటర్‌సెప్టర్ · 2025 జూన్ 22, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్. ఇంటర్‌సెప్టర్ 650 బైక్ కొని రెండు నెలలైంది. కారులో తిరిగినన్నాళ్ళూ ఈజీపాస్ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అద్దానికి అతుక్కుని ఉండేది, దాని పని అది చేసుకుపోయేది. బైక్ వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్నదే పెద్ద తలనొప్పి అయింది.

మొన్న శుక్రవారం జెర్సీ సిటీలో ఆఫీసుకి బయల్దేరుతూ కారు ట్యాగ్ ఊడబీకి జాకెట్ కుడి జేబులో వేసుకున్నాను. ఆ జేబుకి జిప్ ఉంది. వేయనిది నేనే. ఎక్కేటప్పుడు టోల్ దగ్గర బాగానే చదివింది. దిగే ఎగ్జిట్ దగ్గర ఎందుకైనా మంచిదని జేబులో చెయ్యి పెడితే తాళాలు తగిలాయి, ట్యాగ్ తగల్లేదు. ముందు ట్రక్కు, వెనక ట్రక్కు. ఆగడానికి లేదు. అలాగే దాటేశాను.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. మీరంతా ఎక్కడ పెడుతున్నారు? బైక్‌కే బిగించేస్తే పార్కింగ్‌లో ఎవడో లాక్కుపోడా?

---

ట్రెంటన్_తెనాలోడు · జూన్ 22, రాత్రి 10:05

తమ్ముడూ, ఎక్కడ పెట్టాలన్నది తర్వాత. ముందు ఆ ట్యాగ్ పోయిందని అకౌంట్‌లో పెట్టావా లేదా? దొరికినవాడు తన కారులో పెట్టుకుని తిరిగితే డబ్బు నీ కార్డులోంచే పోతుంది. ఇవాళ రాత్రే లాగిన్ అయి పోయినట్టు నమోదు చెయ్యి, కొత్తది వస్తుంది.

రెండోది, బైక్ నంబర్ ప్లేట్ అకౌంట్‌లో ఎక్కించావా? చాలామంది కొత్త బండి కొన్న హడావిడిలో ఇది మర్చిపోతారు. ట్యాగ్ చదవకపోతే కెమెరా ప్లేటు ఫోటో తీస్తుంది. ఆ ప్లేటు అకౌంట్‌లో ఉంటే మామూలు టోల్ కిందే సర్దుకోవచ్చు, లేకపోతే ఇంటికి నోటీసు. బండి రకం అన్నచోట మోటార్‌సైకిల్ అనే పెట్టు. ఇంకోటి, మన ప్లేట్లు చిన్నవి, ఉండేది వెనకే. వంచి పెట్టినా, సంచి వేలాడి కప్పేసినా కెమెరాకి కనపడదు.

---

ఎడిసన్_ఇంటర్‌సెప్టర్ · జూన్ 22, రాత్రి 10:31

పోయిందని శుక్రవారమే పెట్టేశానన్నా. ప్లేటు మాత్రం ఎక్కించలేదు. మీరు చెప్పాక ఇప్పుడే ఎక్కించాను. సిగ్గుచేటు.

---

క్లచ్_అక్క · జూన్ 23, ఉదయం 6:50

నేను మేరీల్యాండ్‌లో తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నాను. వెల్క్రో, టేపు, రబ్బరు బ్యాండ్ అన్నీ అయ్యాయి. చివరికి ఎడమ మోచేతి కిందే స్థిరపడ్డాను.

కొన్ని రైడింగ్ జాకెట్లకి ఎడమ ముంజేతి మీద చిన్న జిప్ జేబు ఉంటుంది, చూశారా? అది టోల్ కార్డుల కోసమే పెట్టింది. కుడి చెయ్యి థ్రాటిల్ వదలకూడదు కాబట్టి ఎడమ వైపు. మామూలు ఈజీపాస్ డబ్బా లావుగా ఉండి కొన్నిటిలో పట్టదు. నాకూ పట్టలేదు. ఊళ్ళో టైలర్ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి ఆ జేబు మీదే ఇంకో జేబు కుట్టించాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, పైన జిప్, దాని మీద వాన పడకుండా మూత. లోపలి అంచుకి ఒక చిన్న గుడ్డ రింగు వేయించి, ట్యాగ్‌ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరుకి జానెడు దారం కట్టి ఆ రింగుకి తగిలించాను. జిప్ మర్చిపోయినా దారానికి వేలాడుతుంది గాని రోడ్డు మీద పడదు.

చేతులు హ్యాండిల్ మీద ఉన్నప్పుడు ముంజెయ్యి దానంతట అదే ముందుకీ పైకీ చూస్తుంది. యాంటెన్నాకి అడ్డం ఏమీ ఉండదు. టోల్ దగ్గర చెయ్యి తీసి ఊపాల్సిన పనీ లేదు.

---

ఫ్రీమాంట్_ఎఫ్‌జెడ్ · జూన్ 23, ఉదయం 11:15

బే ఏరియా వాళ్ళ కోసం నా అనుభవం. ఇక్కడ కాలిఫోర్నియాలో ఈజీపాస్‌కి బదులు ఫాస్ట్రాక్. బ్రిడ్జిల మీద రద్దీ వేళల్లో బైకుని కార్‌పూల్ (ఒకే కారులో కొంతమంది కలిసి వెళ్ళడం) కింద లెక్కేస్తారు, సగం టోలే. 2025లో కారుకి 8 డాలర్లు, మనకి 4. కాకపోతే ఫాస్ట్రాక్ ఫ్లెక్స్ ట్యాగ్ ఉండాలి, దాని మీద బండిలో ఎంతమందో చెప్పే మీట 3 మీద ఉండాలి, కార్‌పూల్ లేన్‌లోనే వెళ్ళాలి.

నేను రోజూ డంబార్టన్ బ్రిడ్జి మీదుగా మెన్లో పార్క్ వెళ్తాను. ట్యాగ్ ఛాతీ జేబులో పెట్టేవాణ్ణి. నెలాఖరుకి బిల్లు చూస్తే కొన్ని రోజులు 4, కొన్ని రోజులు 8. ట్యాగ్ పాడైందనుకుని ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. ఆ జేబులోనే ఇయర్‌ప్లగ్స్ డబ్బా కూడా పెట్టేవాణ్ణి. బ్రిడ్జి మీద గాలికి ఒంగి నడుపుతుంటే ఆ డబ్బా ఒత్తిడికి మీట 3 నుంచి 1కి జారిపోయేది! ఇప్పుడు మీట మీద గట్టిగా టేపు వేశాను. మళ్ళీ ఆ సమస్య రాలేదు.

ఫ్లెక్స్ వాడేవాళ్ళు ఇంటి గుమ్మం దాటకముందే ఒకసారి మీట చూసుకోండి.

---

యాంటెన్నా_మామ · జూన్ 23, మధ్యాహ్నం 2:20

నేను వైర్‌లెస్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి రెండు ముక్కలు చెప్తా.

ఈజీపాస్ నడిచేది 915 మెగాహెర్ట్జ్ దగ్గర. పైన గ్యాంట్రీకి, అంటే రోడ్డుకి అడ్డంగా కట్టిన చట్రానికి, ఉన్న యాంటెన్నా పలకరిస్తుంది, ట్యాగ్ జవాబిస్తుంది. ఆ యాంటెన్నా ఎదురొచ్చే బండి అద్దం వైపు చూస్తూ ఉంటుంది. అంటే ట్యాగ్‌కీ దానికీ మధ్య రెండే శత్రువులు. ఒకటి లోహం, రెండోది నీళ్ళు. లోహం అంటే ట్యాంకు, సీటు కింద ఫ్రేమ్, తాళాల గుత్తి, స్టీలు వాటర్ బాటిల్. నీళ్ళంటే మనమే! ఒంట్లో సగానికి పైగా నీరే కదా. వీపున బ్యాక్‌ప్యాక్‌లో ట్యాగ్ పెడితే మీ ఒళ్ళే అడ్డుగోడ. ప్యాంటు వెనక జేబు కూడా అంతే, పైగా దాని మీద కూర్చుంటారు.

కొంతమంది ఫోన్, ట్యాగ్ ఒకే జేబులో పెడతారు. ఫోన్ సిగ్నల్ వల్ల ఏదో అవుతుందని కాదు. ఫోన్ ఒక లోహపు పలక, అది ట్యాగ్ ముందుకొస్తే మూసేసినట్టే. ట్యాగ్ బయటి వైపు ఉంటే బతికిపోతారు. ఏ వైపు ఉందో జేబులో ఎవరు చూడొచ్చారు?

ట్యాంక్ బ్యాగ్ ఉన్నవాళ్ళకి తిరుగులేదు. పైన మ్యాప్ పెట్టుకునే పారదర్శక జేబు ఉంటుంది, అందులో వెల్లకిలా పడుకోబెట్టండి. కింద ట్యాంకు లోహమే అయినా ఆకాశం వైపు ఖాళీగా ఉంటుంది కాబట్టి చదువుతుంది. ఎండలో మాత్రం ఆ జేబు పెనంలా కాలుతుంది. లోపల బ్యాటరీ ఉంది, మనం మార్చుకునే వీలు లేదు. ఆఫీసులో దిగగానే బ్యాగ్‌తో పాటు లోపలికి తీసుకుపోండి.

---

సింగిల్_సిలిండర్ · జూన్ 23, మధ్యాహ్నం 3:02

ఛాతీ జేబు సలహా ఇచ్చేవాళ్ళకి ఒక్క మాట. మూడేళ్ళ కింద పార్కింగ్ లాట్‌లోనే బండి జారి పడ్డాను. స్పీడు ఏమీ లేదు, నడక వేగం. ఛాతీ జేబులో గ్యారేజ్ రిమోట్ ఉంది. పక్కటెముక మీద పడింది. రిమోట్ బానే ఉంది, నాకు ఆరు వారాలు దగ్గడానికి, నవ్వడానికి లేదు. ఒంటి మీద గట్టి వస్తువు ఏదీ పెట్టుకోకూడదన్నది అప్పట్నుంచి నా నియమం. ట్యాగ్ బండికే ఉండాలి.

---

క్లచ్_అక్క · జూన్ 23, మధ్యాహ్నం 3:25

ఛాతీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. ముంజెయ్యికి కూడా అదే వర్తిస్తుందంటారా? నా జాకెట్‌లో మోచేతి దగ్గర గార్డు ఉంది, ట్యాగ్ దాని ముందు మెత్తటి భాగంలో ఉంటుంది. నేల తాకే వైపు కాదు, లోపలి వైపు.

---

సింగిల్_సిలిండర్ · జూన్ 23, మధ్యాహ్నం 3:40

లోపలి వైపైతే సరే అక్కా. అయినా నాకు మనసు ఒప్పదు. దెబ్బ తిన్నవాడి భయం అది.

---

హైవే_చింతకాయ · జూన్ 23, రాత్రి 8:10

బండికే బిగించినవాడి కథ వినండి. ఆన్‌లైన్‌లో ఒక హోల్డర్ కొన్నాను. హ్యాండిల్‌బార్‌కి మరతో బిగుసుకుంటుంది, ట్యాగ్ అందులో టక్కున కూర్చుంటుంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! రెండు వారాలు నడిచింది. నాది ట్విన్ ఇంజిన్, వణుకు ఎక్కువ. మూడో వారం అరవై మైళ్ళ వేగంలో హోల్డర్ పళ్ళు విరిగి ట్యాగ్ ఎగిరి నా హెల్మెట్‌కి తగిలి వెనక్కి పోయింది. వెనక కారు వాడు దాన్ని తొక్కడం అద్దంలో చూశాను.

తర్వాత విండ్‌షీల్డ్ లోపలి వైపు, కారులో వచ్చే ఆ పుట్టగొడుగుల పట్టీ ఉంటుంది చూశారా, ఒకదానిలో ఒకటి గుచ్చుకుంటుంది, దానితోనే అతికించాను. వెల్క్రో కంటే అది వంద రెట్లు నయం. అతికించే ముందు స్పిరిట్‌తో తుడిచి, ఒక రాత్రి అలా వదిలేయాలి. తోడుగా ఒక సన్న తీగ, అద్దం కాడకి చుట్టి. పట్టీ ఊడినా తీగ ఉంటుంది. దిగినప్పుడల్లా పీకి జేబులో వేసుకుంటాను. దొంగతనం సంగతి అడిగావు కదా, జవాబు అదే. వదిలేసి వెళ్తే అది నీది కాదు.

సక్షన్ కప్పుల జోలికి మాత్రం పోకండి. ఎండకి వదిలేస్తాయి, చలికి వదిలేస్తాయి, మధ్యలో ఏం తోచకపోయినా వదిలేస్తాయి.

---

సూర్యాపేట_స్ప్లెండర్ · జూన్ 24, ఉదయం 7:30

మీ బాధలు చదువుతుంటే నవ్వొస్తోంది అన్నలూ. మా పంతంగి టోల్ దగ్గర ఎడమ చివర ఇరుకు సందు ఉంటుంది, అందులోంచి దూరిపోవడమే. సంక్రాంతికి కార్లు కిలోమీటర్ల కొద్దీ నిలబడితే మేము పక్కనుంచి టాటా చెప్పి పోతాం. ఫాస్టాగ్ లేదు, గీస్టాగ్ లేదు. ఒకటే కష్టం, రెండు వైపులా బస్తాలు కట్టుకుంటే ఆ సందులో తట్టుకుంటాయి.

---

లక్డీకాపూల్_లూనా · జూన్ 26, మధ్యాహ్నం 1:05

స్ప్లెండర్ అన్నా, నవ్వుకో నవ్వుకో. జూలై 15 నుంచి బైకులకీ టోల్ అట. పొద్దుట్నుంచి వాట్సాప్ అంతా అదే.

---

నిర్వాహకుడు · జూన్ 26, సాయంత్రం 5:20

ఆ వార్త తప్పు. కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఇవాళే స్వయంగా ఖండించారు. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకి మినహాయింపు అలాగే ఉంది. దయచేసి ఇక్కడ ఫార్వర్డులు పెట్టకండి, అసలు చర్చ ట్యాగ్ గురించి.

---

సూర్యాపేట_స్ప్లెండర్ · జూన్ 26, సాయంత్రం 5:48

హమ్మయ్య. లూనా అన్నా, నువ్వు హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి చూపించు ముందు. 158 కిలోమీటర్ల రోడ్డు ఊరి చుట్టూ వేసి బైకుల్ని మాత్రం రానివ్వరు. టోల్ కడతామన్నా వద్దంటారు!

---

రెడ్మండ్_రైడర్ · జూన్ 26, రాత్రి 10:12

వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ గోలంతా లేదు. ఇక్కడి టోల్ పాస్ గుడ్ టు గో. వాళ్ళు బైకులకని వేరే పాస్ ఇస్తారు, హెడ్‌లైట్ మీద అతికించే స్టిక్కర్. బ్యాటరీ లేదు, డబ్బా లేదు. ఒకసారి అతికిస్తే అయిపోయింది, పీకితే చిరిగి పనికిరాకుండా పోతుంది కాబట్టి దొంగకీ లాభం లేదు. 405 హైవే మీద టోల్ ఉండే ఎక్స్‌ప్రెస్ లేన్లలో ఈ పాస్ ఉన్న బైకుకి టోల్ ఉండదు. 520 బ్రిడ్జి మీద మాత్రం కట్టాల్సిందే.

నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. పాత బండి అమ్మేశాను. స్టిక్కర్ దానితోనే పోయింది, నేను అకౌంట్‌లోంచి తీయలేదు. కొన్నాయన పాపం ఏ దురుద్దేశమూ లేకుండా నెల రోజులు బెల్‌వ్యూ నుంచి సియాటెల్‌కి నా ఖర్చు మీద తిరిగాడు. ఫోన్ చేస్తే "అరె, నాకు బిల్లే రావట్లేదేంటా అనుకుంటున్నా" అన్నాడు. మంచాయన, డబ్బు పంపించేశాడు. బండి అమ్మిన రోజే పాస్, ప్లేటు రెండూ తీసేయండి.

ఫ్లోరిడా వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. అక్కడి సన్‌పాస్ మినీ స్టిక్కర్ గాజు అద్దానికి మాత్రమే. బైక్ విండ్‌షీల్డ్ ప్లాస్టిక్ కదా, దాని మీద పని చేయదు.

---

నగోయా_నాయుడుబావ · జూన్ 27, ఉదయం 8:00

జపాన్ పద్ధతి చెప్తే మీకు అసూయ పుడుతుంది. ఇక్కడ బైకులకి ఈటీసీ (ఆగకుండా టోల్ కట్టే పద్ధతి) 2006 నుంచి ఉంది. షాపులో బిగిస్తారు. చిన్న యాంటెన్నా హ్యాండిల్ దగ్గర, అసలు పెట్టె సీటు కింద. ఆ పెట్టెలో కార్డు దూర్చాలి. సీటుకి తాళం ఉంటుంది కాబట్టి కార్డు భద్రం. వానకీ వణుకుకీ తట్టుకునేలా తయారు చేసిన పరికరం. టోల్ చిన్న కార్లతో సమానం. ఖర్చు మాత్రం ఉంది, ఊరికే ఇవ్వరు.

ఇన్ని ఏర్పాట్లున్నా నేను కార్డు ఇంట్లో మర్చిపోయి వెళ్ళాను. గేటు కర్ర లేవలేదు. వెనక పది బళ్ళు. పక్కన పెట్టి, బటన్ నొక్కి, వంగి వంగి క్షమాపణలు చెప్పి... మా ఆవిడ వెనక సీట్లో. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

---

క్వీన్స్_కావలి · జూన్ 27, ఉదయం 9:35

న్యూయార్క్ వైపు వచ్చేవాళ్ళు బైక్ పేరు మీద వేరే ట్యాగ్ తీసుకోండి. టర్న్‌పైక్‌లో కారుకీ బైకుకీ ఒకటే టోల్ గాని, హడ్సన్ నది దాటే టన్నెళ్ళు, జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి దగ్గర బైకుకి తక్కువ. 2025 జనవరి 5 నుంచి మన్‌హాటన్‌లో 60వ వీధికి కింద రద్దీ రుసుము కూడా పెట్టారు కదా. పగలు కారుకి 9 డాలర్లు, బైకుకి 4.50. అదే ఈజీపాస్ లేకుండా పోస్టులో బిల్లు వస్తే బైకుకి 6.75.

కారు ట్యాగ్, బైక్ ట్యాగ్ రెండూ ఒకేసారి మీద ఉంచుకోకండి. నేను ఒకసారి ఆఫీసు బ్యాగులో కారు ట్యాగ్ మర్చిపోయి, చేతికి బైక్ ట్యాగ్‌తో వెళ్ళాను. వీపు మీదిది చదవదులే అనుకున్నా. దాన్నే చదివింది.

---

యాంటెన్నా_మామ · జూన్ 27, ఉదయం 10:10

హహ, వీపు మీదిది చదవదని నేనే రాశాను. పక్కకి తిరిగి ఉంటావు, లేదా బ్యాగు భుజం మీదకి లేచి ఉంటుంది. చదవకూడని ట్యాగ్‌ని ఒంటిని నమ్మి వదిలేయకూడదు. ట్యాగ్‌తో పాటు వచ్చే వెండి రంగు కవరు ఉంటే అందులో పెట్టు. లేకపోతే వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ రెండు చుట్లు చుట్టు. బిర్యానీ పార్సిల్ ఫాయిలైనా పర్లేదు, కడిగి వాడు.

---

ట్రెంటన్_తెనాలోడు · జూన్ 27, మధ్యాహ్నం 12:30

ట్యాగ్ గురించే మాట్లాడుతున్నారు గాని, టోల్ లేన్‌లో పడేది ట్యాగ్ కాదు, మనం. కార్లు, ట్రక్కులు అక్కడ నెమ్మదిస్తాయి, ఆగుతాయి, కింద నూనె కారుస్తాయి. లేన్ మధ్యలో నల్లటి చార కనిపిస్తుందే, అదంతా నూనె. చినుకు పడిందంటే సబ్బు నీళ్ళే. కారు చక్రం వెళ్ళే దారిలో నడపండి, మధ్యలో కాలు పెట్టకండి. చెయ్యి జేబులో పెట్టి ట్యాగ్ వెతుక్కుంటూ ఆ చార మీదకి వెళ్తే ఏమవుతుందో సింగిల్_సిలిండర్ అన్నని అడగండి.

ట్యాగ్ చదవలేదన్న అనుమానం వచ్చినా ఆగొద్దు. వెనకవాడు నువ్వు ఆగుతావని అనుకోడు. దాటిపో, ఇంటికెళ్ళాక అకౌంట్ చూసుకో. నోటీసు డబ్బులతో పోతుంది.

---

ఎడిసన్_ఇంటర్‌సెప్టర్ · జూలై 6, రాత్రి 8:55

అందరికీ ధన్యవాదాలు. కొత్త ట్యాగ్ వచ్చింది, బైక్ పేరు మీద. ఈ వారాంతం గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద కావాలని తిరిగి పరీక్ష పెట్టాను. ఫోన్‌లో ఏ టోల్ దగ్గర ఎక్కడ పెట్టానో రాసుకుని, ఇవాళ అకౌంట్‌తో పోల్చి చూశాను.

ట్యాంక్ బ్యాగ్ పై జేబు: మూడుకి మూడూ చదివింది. ఎడమ ముంజెయ్యి (జేబు ఇంకా కుట్టించలేదు, రన్నింగ్‌కి వేసుకునే ఆర్మ్ బ్యాండ్‌లో పెట్టాను): మూడుకి మూడు. కడుపు దగ్గర జేబులో ఫోన్‌తో కలిపి: రెండే పెట్టాను, ఒకటి చదివింది, ఒకటి ప్లేటు ఫోటోతో పడింది. ప్లేటు ఎక్కించి ఉండబట్టి నోటీసు రాలేదు. తెనాలన్నకి దణ్ణం.

ట్యాగ్ పడిపోయిన ఆ శుక్రవారం నాటి నోటీసు మాత్రం పోయిన వారం వచ్చింది. పాత ట్యాగ్ పోయిన రోజు, ప్లేటు ఎక్కించిన రోజు రెండూ చూపించి ఫోన్‌లో మాట్లాడాను. అవతలావిడ ఓపిగ్గా విని మామూలు టోల్ మాత్రం కట్టించుకుంది.

మొత్తానికి నేను ఆఫీసుకి ట్యాంక్ బ్యాగ్, సరదాకి తిరిగేటప్పుడు చెయ్యి. క్లచ్ అక్కా, ఆ దారం గురించి ఒక సందేహం. జానెడు అన్నారు, అంత పొడవెందుకు? ఇంకా పొట్టిగా కడితే కాదా?

---

క్లచ్_అక్క · జూలై 6, రాత్రి 9:20

పొట్టిగా కడితే ఇంటికొచ్చాక కారులో పెట్టుకోవడానికి ట్యాగ్ బయటికి తీయడం కుదరక దారం విప్పేస్తావు. విప్పినది మళ్ళీ కట్టవు. నాకు తెలుసు, నేనూ అలాగే ఒకటి పోగొట్టుకున్నాను.

---

హైవే_చింతకాయ · జూలై 6, రాత్రి 9:26

అక్కా, ఇది మొదటి రోజే చెప్పలేదేం?

---

క్లచ్_అక్క · జూలై 6, రాత్రి 9:31

నువ్వు హెల్మెట్‌కి తగిలిందని చెప్పాక ధైర్యం వచ్చింది.